పనిలేని ఎద్దుకూ మేత

మార్గశిరం ప్రవేశించిందంటే చాలు, మా ఉత్తర తెలంగాణలో జరిగే ప్రతి నేరమూ చలి నెత్తిన పడుతుంది. పాలు తోడుకోకపోతే చలి. తాతగారి మోకాళ్లు పట్టేస్తే చలి. కాలేజీలో మొదటి గంటకు సగం బెంచీలు ఖాళీగా వుంటే చలి. సీసాలో కొబ్బరినూనె గడ్డకడితే మాత్రం అది నిజంగా చలి చేసిన పనే, ఒప్పుకోవాలి. ఈ నేరాల జాబితాలో కొన్నేళ్లుగా మరొకటి కూడా చేరింది. పొద్దున్నే ట్రాక్టరు కదలకపోయినా, స్కూటరు సెల్ఫు "టక్కు" మని వూరుకున్నా, "చలికి బ్యాటరీ సచ్చింది" అనేస్తారు.

ఈ వారం ఆ ముద్దాయి తరఫున నేను వకాల్తా పుచ్చుకుంటున్నాను. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి బ్యాటరీల గొడవ ఎందుకని పాఠకులకు సందేహం రావచ్చు. ఎందుకో ముందు ముందు మనవి చేస్తాను.

మా చలి చిన్న చలి కాదు సుమండీ. తెలంగాణ మొత్తం మీద చలి లెక్కలు వేసినప్పుడల్లా ముందు నిలబడేవి పాత ఆదిలాబాదు జిల్లా ఊళ్లే. తిర్యాణి మండలంలో గిన్నెధరి, ఉట్నూరు అడవుల అవతల సిర్పూర్-యు, ఈ పేర్లు డిసెంబరు, జనవరి నెలల్లో పత్రికలెక్కని వారం వుండదు. పది డిగ్రీల లోపుకు దిగిపోవటం అక్కడ వింతేమీ కాదు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర చూడబోయిన వాళ్లను అడగండి, ఇగం అంటే ఏమిటో చెపుతారు. కరీంనగరం కొంచెం నయం. అయినా మానేరు గట్టుమీద పొద్దున్నే నడిచేవాళ్లకు మఫ్లరు లేకపోతే కుదరదు.

ఇంతకూ ఈ చలినెలల్లోనే మా రైతుల బండ్లకు విశ్రాంతి దొరుకుతుంది. ఆదిలాబాదు నల్లరేగళ్లలో పత్తి ఏరుడు దసరా దాటాక మొదలవుతుంది. అప్పటినుంచి ట్రాలీలకు క్షణం తీరిక వుండదు. సంక్రాంతి నాటికి పత్తి చాలామట్టుకు మార్కెట్టుకు చేరిపోతుంది. నీటి వసతి లేని చోట ఆ తరవాత ట్రాక్టరుకు దున్నే పనీ లేదు, మోసే పనీ లేదు. కరీంనగరం, జగిత్యాల, పెద్దపల్లి వైపు వరి ఎక్కువ గనక అక్కడి లెక్క వేరు. వానకాలపు పంట కోసేశాక వరికోత మిషన్లు షెడ్డుకు చేరతాయి. మళ్లీ యాసంగి కోతలకు, అంటే ఏప్రిల్‌లో గాని వాటికి పిలుపు రాదు. ఇలా లక్షల రూపాయల యంత్రం చెట్టుకిందో, రేకుల కిందో మూడు నాలుగు నెలలు పడుకుని వుంటుంది. దానితోపాటు దాని బ్యాటరీ కూడా పడుకుంటుంది. కాని ఇంజను పడుకోవటం వేరు, బ్యాటరీ పడుకోవటం వేరు.

రెండేళ్ల కిందట ఒక విద్యార్థిని స్టాఫ్ రూముకు వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఆదిలాబాదు వైపునుంచి వచ్చి కరీంనగరంలో హాస్టల్లో వుండి చదువుకునే పిల్ల.

"సార్, హాస్టల్ పైసలు కట్టనీకి ఇంకో పదిహేను రోజులు గడువు ఇప్పియ్యండి సార్" అంది.

"ఏమమ్మా, ఇంట్లో ఏమైనా ఇబ్బందా?" అన్నాను.

"మా బాపు ట్రాక్టర్‌కు బ్యాటరీ కొన్నడు సార్. పోయినేడు గూడ కొన్నడు."

ట్రాక్టరు బ్యాటరీ అంటే ఏడెనిమిది వేల మాట. దున్నే పనే లేని కాలంలో ఏడాదికొక బ్యాటరీ ఎందుకు పోతోంది? గడువు ఇప్పించటం నా చేతిలో పనే గనక ఇప్పించాను. కాని ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మా భౌతికశాస్త్రం మాస్టారిని అడిగాను. టవరు సర్కిలు దగ్గర ముప్ఫయ్యేళ్లుగా బ్యాటరీలు బాగుచేసే ఒక పెద్దమనిషి దుకాణంలో రెండు సాయంత్రాలు కూర్చున్నాను. నాకు అర్థమైన మేరకు చెపుతాను.

మన వాహనాల్లో వుండే ఈ సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశపు గాస్తోన్ ప్లాంతే కనిపెట్టాడు. ఆ తరవాత నూరేళ్లు దాటాక మనిషి చంద్రుడి మీద అడుగు పెట్టాడు గాని, ఈ డబ్బాలోని మూలసూత్రం మాత్రం మారలేదు. పన్నెండు వోల్టుల బ్యాటరీలో ఆరు గదులుంటాయి. ఒక్కొక్క గదినుంచి రెండు వోల్టుల పైచిలుకు వస్తుంది. ప్రతి గదిలోనూ సీసపు పలకలు వరసగా నిలబెట్టి వుంటాయి. వాటిలో ఒక జాతి వట్టి సీసం, రెండో జాతి సీసపు ఆక్సైడు. వాటి మధ్య నీళ్లు కలిపిన గంధకికామ్లం, వాడుక భాషలో ఆసిడ్. 1912లో అమెరికాలో కాడిలాక్ కారుకు ఛార్లెస్ కెట్టరింగ్ ఎలక్ట్రిక్ సెల్ఫు అమర్చేదాకా ఇంజను తిప్పటానికి ఇనపకడ్డీ పెట్టి చేత్తో తిప్పవలసిందే. ఆ కడ్డీ వెనక్కి తన్ని ఎందరికో మణికట్లు విరిగాయి. ఆనాటినుంచి మనిషి చేతిపని ఈ డబ్బా చేస్తోంది.

ఇక్కడ ఒక్క రహస్యం తెలిస్తే మిగతావన్నీ వాటంతట అవే తెలుస్తాయి. బ్యాటరీ కరెంటు ఇస్తున్నప్పుడు ఆసిడ్ మెల్లమెల్లగా పలకల్లోకి చేరిపోయి, సీసంతో కలిసి తెల్లటి సల్ఫేటు అవుతుంది. బయట మిగిలేది పలచబడిన నీళ్లు. మళ్లీ ఛార్జి పెడితే ఆ సల్ఫేటు విడిపోయి ఆసిడ్ తిరిగి నీళ్లలోకి వస్తుంది. అంచేతనే ద్రవం చిక్కదనం చూసి బ్యాటరీ కడుపు ఎంత నిండిందో చెప్పవచ్చు. దుకాణంలో రబ్బరు బుడ్డి తగిలించిన గాజు గొట్టంతో ద్రవం పీల్చి చూస్తారు గదా, అదే హైడ్రోమీటరు. కడుపు నిండిన బ్యాటరీలో అది 1.250, 1.280 ల మధ్య చూపుతుంది. 1.150కి దిగిందంటే దాదాపు ఖాళీ అన్నమాట.

"లైటు తగ్గింది, కొంచెం ఆసిడ్ పొయ్యి" అని అడిగి పోయించుకునే అలవాటు ఎందుకు తప్పో ఇప్పుడు తెలుస్తుంది. ఆసిడ్ ఎక్కడికీ పోలేదు, పలకల్లోనే వుంది. ఆవిరై పోయేదీ, ఛార్జిలో వాయువుగా మారి పోయేదీ నీళ్లు మాత్రమే. ఆసిడ్ మీద ఆసిడ్ పోస్తే హైడ్రోమీటరు రెండు రోజులు పొంగిపోయి అబద్ధం చెపుతుంది. పలకలు మాత్రం తినివేయబడతాయి. ఆ పిల్ల తండ్రి మొదటి బ్యాటరీకి ఎవరో చేసిన వైద్యం ఇదే.

సరే, ముద్దాయి సంగతికి వద్దాం. చలి బ్యాటరీని ఏమీ చెయ్యదా అంటే చేస్తుంది. చలికి లోపలి రసాయనక్రియ మందగిస్తుంది. నీరు గడ్డకట్టే చలిలో మంచి బ్యాటరీ కూడా తన బలంలో సుమారు మూడోవంతు చూపలేదు. పైగా ఇంజనాయిలు చిక్కబడి ఇంజను తిప్పటం బరువవుతుంది. డీజిలు ఇంజనుకు నిప్పురవ్వ లేదు గదా, గాలిని నొక్కి నొక్కి పుట్టించే వేడితోనే అంటుకోవాలి. చల్లటి గాలి వేడెక్కటానికి ఇంకాస్త గట్టిగా తిప్పాలి. అంటే బలం తగ్గిన రోజునే బరువు పెరిగింది. కాని మన పది డిగ్రీల చలిలో ఆరోగ్యంగా వున్న బ్యాటరీ ఈ బరువును అవలీలగా మోస్తుంది. మోయలేకపోయిందంటే దానికి ముందే జబ్బు వున్నదన్నమాట.

అసలు చలిదేశాల సంగతి చూడండి. మా బంధువుల కుర్రాడొకడు అమెరికాలో మినియాపాలిస్‌లో వుంటున్నాడు. అక్కడ జనవరిలో సున్నాకు ఇరవై డిగ్రీలు కింద కూడా చూస్తారు. ఆ ఊరివాళ్లకు కారు వెనక తగిలించుకు తిరిగే ట్రైలరు ఇళ్లుంటాయి. వంటిల్లు, పడక అన్నీ అందులోనే. వేసవిలో చెరువుల వెంట తిరిగి వచ్చి, మంచు పడే నాలుగైదు నెలలూ వాటిని పెరట్లో నిలిపేస్తారు. నిలిపేముందు బ్యాటరీ ఊడదీసి, నిండా ఛార్జి పెట్టి, షెడ్డులో దాచి, నెలకోసారి చూసుకుంటారట. అంత చలిలో గడ్డకట్టదా అని అడిగాను. "నిండుగా వుంటే కట్టదు బాబాయ్, ఖాళీగా వుంటేనే భయం" అన్నాడు. నిజమే. నిండిన బ్యాటరీలోని చిక్కటి ఆసిడ్ సున్నాకు యాభై డిగ్రీలు కింద కూడా గడ్డకట్టదు. ఖాళీ బ్యాటరీలో వున్నది దాదాపు నీళ్లే గనక సున్నాకు ఏడెనిమిది డిగ్రీలు దిగేసరికే గడ్డకట్టి డబ్బా పగులుతుంది. అదే చలి, అదే డబ్బా. తేడా కడుపులో వుంది.

గిన్నెధరిలో ఎంత చలి పెట్టినా గడ్డకట్టే భయం లేదు. మరి మన బ్యాటరీలను చంపుతున్నది ఏమిటి? పస్తు.

ఏ పనీ చెయ్యకుండా కూర్చున్నా ఈ బ్యాటరీ తన కడుపులోది తానే కొంచెం కొంచెం తినేస్తుంది. మామూలు వేడిలో నెలకు నూటికి నాలుగైదు పాళ్లు అలా పోతుంది. దానికి తోడు దొంగ తిండి ఒకటుంది. ట్రాక్టరుకు ఎవరో తగిలించిన పాటల డబ్బా, ఫోను ఛార్జి పెట్టుకునే బుడిపె, కారులో అయితే గడియారమూ, దొంగల గంటా, ఇవన్నీ తాళం తీసేసినా చుక్క చుక్క తాగుతూనే వుంటాయి. మూడు నెలలకు బ్యాటరీ అడుగంటుతుంది. అడుగంటిందంటే పలకలంతా సల్ఫేటు పట్టింది అన్నమాట. ఈ సల్ఫేటు తాజాగా వున్నప్పుడు మెత్తగా వుండి ఛార్జికి కరిగిపోతుంది. వారాలు గడిచేకొద్దీ పెద్ద పెద్ద పలుకులై గట్టిపడుతుంది. బెల్లప్పాకం ముదిరితే మళ్లీ నీళ్లు పోసి దించలేం గదా, ఇదీ అంతే. ఆ పలక ఇక కరెంటు పుచ్చుకోదు, ఇవ్వదు. శివరాత్రి వెళ్లాక సెల్ఫు నొక్కిన రైతుకు దొరికేది ఈ శవమే.

ఇంకొక హంతకుడు కూడా వున్నాడు. వాడు ఎండాకాలం. రామగుండంలో, కరీంనగరంలో మే నెల ఎండ నలభై అయిదు డిగ్రీలు దాటిన రోజులున్నాయి. అంత వేడిలో నీళ్లు ఎగిరిపోతాయి, పలకలకు పట్టించిన ముద్ద రాలుతుంది, లోపలి తుప్పు త్వరపడుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందని ఒక మోటు లెక్క. అలా వేసవిలో సగం ప్రాణం పోగొట్టుకున్న బ్యాటరీ వానకాలమంతా ఎలాగో నెట్టుకొచ్చి, ఇంజను బరువైన మొదటి చలిపొద్దున చేతులెత్తేస్తుంది. హత్య చేసింది వైశాఖం, కేసు పుష్యమాసం మీద. నిజానికి చలి బ్యాటరీకి స్నేహితుడు. చల్లగా వున్నచోట అది తన్ను తాను తినటం కూడా తగ్గిస్తుంది. కడుపు నింపి పడుకోబెడితే చలికాలమంత హాయిగా మరే కాలంలోనూ నిద్రపోదు. కుంభకర్ణుడు ఆరునెలలు నిద్రపోయి లేచాక తిన్నాడు. బ్యాటరీ అలా కాదు, తిని పడుకోవాలి.

ఆ పిల్ల తండ్రి తరవాత నెలలో ఆమెను చూడటానికి వచ్చి నన్ను కూడా పలకరించాడు. బ్యాటరీ మాట నేనే ఎత్తాను.

"సంక్రాంతి దాంక మంచిగనే నడిచింది సారూ. పత్తంత మార్కెట్ల ఏసినంక చెట్టు కింద పెట్టిన. పని లేకపాయె, ముట్టుకోలే. శివరాత్రి ఎల్లినంక సెల్ఫు కొడితే సప్పుడు లేదు. గీ చలి సంపింది" అన్నాడు.

"మీకు ఎద్దులున్నాయా?"

"ఒక జత ఉన్నయ్ సారూ."

"సంక్రాంతి నుంచి వానలు పడేదాకా వాటికి దున్నే పని లేదు గదా. మరి అన్నాళ్లూ మేత మానేస్తారా?"

ఆయన నావంక అదోలా చూశాడు. "గదేం మాట సారూ! పని లేదని ఎద్దును పస్తు పెడ్తమా? పాపం తగుల్తది."

పొలాల అమావాస్యనాడు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, పూజ చేసే జిల్లా అది. అక్కడి రైతుకు అంతకు మించి ఉపన్యాసం అక్కర్లేదు. దసరానాడు ట్రాక్టరుకు బొట్టుపెట్టి దండ వేస్తాం గాని, బానెట్టు ఎత్తి బ్యాటరీలో నీళ్లున్నాయా అని చూడం. ఎద్దుకు ఆకలేస్తే అరుస్తుంది. ఈ డబ్బా అరవలేదు, అంతే తేడా.

ఇక చెయ్యవలసిన పనులు. పెద్ద విద్యలేమీ కావు.

బండిని నెలకు పైగా నిలిపేటట్టయితే బ్యాటరీ ఊడదీయటం మేలు. ముందు మైనస్ తీగ విప్పాలి, తరవాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. ఈ వరస చాదస్తం కాదు. మైనస్ బండి ఒంటికంతటికీ కలిసి వుంటుంది. అది విప్పకుండా ప్లస్ విప్పుతూ పానా బండికి తగిలితే నిప్పులు కురుస్తాయి. చేతికి గాజులు, ఉంగరాలు, ఇనప కడియం వుంటే తీసెయ్యాలి.

తీశాక పైభాగం తడిగుడ్డతో తుడవాలి. దుమ్మూ, ఆసిడ్ తేమా కలిసిన పొర కూడా కరెంటుకు దారే. బొడిపెల మీద తెల్లగా, పచ్చగా పువ్వు పట్టి వుంటే వంటసోడా కలిపిన నీళ్లతో కడగాలి. ఆ నీళ్లు మూతల్లోంచి లోపలికి పోకూడదు. ఆరాక బొడిపెలకు కొంచెం వాజలీను రాస్తే మళ్లీ పువ్వు పట్టదు.

మూతలు తీసే రకమైతే ఒక్కొక్క గదిలో చూడాలి. పలకలు ద్రవంలో మునిగి, పైన ఒక వేలి మందం ద్రవం వుండాలి. తగ్గితే డిస్టిల్డ్ వాటరు తప్ప మరేదీ పొయ్యకూడదు. మా బోరునీళ్లలో సున్నం ఎంత వుంటుందో టీ కాచే గిన్నె అడుగు చూసినవాళ్లకు తెలుసు. అది పలకల పాలిట విషం. పలకలు పూర్తిగా తేలి వుంటే మునిగేదాకా పోసి, ఛార్జి అయిన తరవాత మాత్రమే గుర్తుదాకా నింపాలి. ముందే నిండా పోస్తే ఛార్జిలో పొంగి పొర్లుతుంది. మూతలే లేని మూసిన బ్యాటరీలను తెరవటానికి ప్రయత్నించకండి.

తరవాత ఛార్జి. బ్యాటరీ మీద 88 ఆంపియర్-గంటలని రాసివుంటే అందులో పదోవంతు, అంటే ఎనిమిది తొమ్మిది ఆంపియర్లకు మించకుండా నెమ్మదిగా పెట్టాలి. ఒక రాత్రి పడుతుంది. తొందరపెట్టి గంటలో నింపేవాళ్ల దగ్గరికి పోవద్దు. ఆకలిగొన్నవాడికి గుక్కతిప్పకుండా కుక్కటం లాంటిదది. ఇంతా చేసి అయ్యే కరెంటు ఎంత? రెండు యూనిట్లు. ఏడెనిమిది వేల రూపాయల వస్తువును కాపాడేది ఆ రెండు యూనిట్లు.

ఛార్జి తీసిన కొన్ని గంటలకు మీటరు పెట్టి చూస్తే 12.6 వోల్టులు, ఆ పైన చూపాలి. అదే దాని ఆరోగ్యపు నాడి. ఆ తరవాత నెలకోసారి నాడి చూసి, 12.4కు దిగితే మళ్లీ ఛార్జి పెట్టాలి. 12కు వచ్చేదాకా ఆగితే అప్పటికే పస్తులు మొదలయ్యాయన్నమాట. మీటరు కొనటానికి కొద్ది వందలు చాలు. వాడకట్టుకు ఒకటుంటే అందరికీ పనికొస్తుంది.

ఎక్కడ దాచాలి? ఎండ తగలని, గాలి ఆడే, పిల్లలకు అందని చోట. సిమెంటు గచ్చుమీద పెడితే భూమి కరెంటు లాగేస్తుందని పెద్దలు చెపుతారు. ఆ మాటకు ఒకప్పుడు అర్థం వుండేది. ఆనాటి కర్రపెట్టెలు, గట్టిరబ్బరు డబ్బాలు తేమకు కారేవి. ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాకు గచ్చు ఏమీ చెయ్యదు. అయినా పలక వేసి పెడతానంటే పెట్టండి, నష్టం లేదు. పెద్దల మాట దక్కుతుంది.

ఊడదీసే ఓపిక లేదంటారా? మైనస్ తీగ ఒక్కటైనా విప్పి పెట్టండి, దొంగ తిండి ఆగుతుంది. రోజూ పొద్దున అయిదు నిమిషాలు ఇంజను తిప్పి ఆపేవాళ్లున్నారు. దానివల్ల స్టార్టు చెయ్యటానికి ఖర్చయినంత తిరిగి వస్తుందేమో గాని, నెలరోజుల లోటు పూడదు. పది పదిహేను రోజులకోసారి బయటికి తీసి గంటసేపు నడిపితే అది భోజనం. అయిదు నిమిషాలు వాసన చూపించటమే.

ఈ క్రమశిక్షణ మా జిల్లాలకు కొత్త కాదు. బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని బొగ్గుబావుల్లో పనిచేసిన కార్మికులను అడగండి. నడుముకు సీసపు బ్యాటరీ, అక్కణ్నుంచి తీగ, టోపీకి దీపం. షిఫ్టు దిగగానే ఎంత అలసినా మొదటి పని ల్యాంపు రూములో ఆ దీపం అప్పజెప్పటం. వెంటనే దాన్ని వరసలో తగిలించి ఛార్జి పెట్టేవారు. ఖాళీ బ్యాటరీ రాత్రంతా మూలన పడివుండటమనేది ఆ గదిలో వుండదు. భూగర్భంలో దీపం ఆరితే ఏమవుతుందో అందరికీ తెలుసు గనక ఆ పద్ధతి తప్పేది కాదు. తేలికపాటి లిథియం దీపాలు వచ్చాయి గాని పద్ధతి అదే. మనకు ప్రాణం మీదికి రాదు గనక మనం వాయిదా వేస్తాం. కాని అడవి పల్లెల్లో అర్ధరాత్రి గర్భిణిని ఉట్నూరు ఆసుపత్రికి చేర్చవలసి వచ్చి, అంబులెన్సు అందకపోతే, ఊళ్లో వున్న ఒక్క ట్రాక్టరే దిక్కవుతుంది. ఆ రాత్రి సెల్ఫు పలకాలి.

పట్నవాసపు పాఠకులకు రెండు మాటలు. చలికాలంలో కరెంటు కోతలు తక్కువ గనక ఇన్వర్టరును మరిచిపోతాం. అది ఎప్పుడూ ఛార్జిలోనే వుంటుంది గనక పస్తు వుండదు, దాహం మాత్రం వుంటుంది. నీటి మట్టం నెలకోసారి చూడాలి. అప్పుడప్పుడు మెయిను ఆపి అరగంట ఫ్యాను, దీపాలు దానిమీద నడిపించండి, ఒంట్లో పట్టు వుందో లేదో తెలుస్తుంది. సెలవులకు నెలరోజులు ఊరికి పోయేవాళ్లు కారు బ్యాటరీ మైనస్ తీగ విప్పించి పోవటం మంచిది. ఎలక్ట్రిక్ స్కూటర్ల సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. వాటిలో ఎక్కువగా వుండేది లిథియం జాతి. అది కడుపు పగిలేలా తిని పడుకున్నా, పస్తు పడుకున్నా చెడుతుంది. సగానికి కొంచెం పైగా, నూటికి యాభై అరవై పాళ్లు ఛార్జి వుంచి చల్లటిచోట నిలపాలి. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలకు రెండు పథ్యాలు వుండటం లేదూ, అలాగే ఇదీ. బండితో ఇచ్చిన పుస్తకం ఒకసారి తిరగెయ్యండి.

జాగ్రత్తలు చెప్పకుండా ముగిస్తే తప్పు. ఛార్జి పెట్టినప్పుడు బ్యాటరీలోంచి హైడ్రోజను వస్తుంది. గాలిలో అది నూటికి నాలుగు పాళ్లు చేరితే చాలు, ఒక్క రవ్వకు పేలుతుంది. అంచేత మూసిన గదిలో, పొయ్యి దగ్గర, దేవుడి దీపం దగ్గర ఛార్జి పెట్టకండి. దాని దగ్గర బీడీ ముట్టించవద్దు. ఆసిడ్ కంట పడితే క్షణం ఆలస్యం లేకుండా పదిహేను ఇరవై నిమిషాలు ధారగా నీళ్లతో కడుగుతూ ఆసుపత్రికి బయల్దేరాలి.

అన్నింటికంటే ముఖ్యం, చచ్చిన బ్యాటరీని పెరట్లో పడెయ్యకండి. దానిలో వున్నది సీసం. పిల్లల మెదడుకు సీసం ఇంత వరకు ఫరవాలేదనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెపుతోంది. డబ్బా పగలగొట్టి సీసం కరగబెట్టి అమ్మేవాళ్ల పొగ ఆ వాడకట్టు పిల్లలందరి ఊపిరిలోకీ పోతుంది. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత వాటిని తిరిగి తీసుకుని సక్రమంగా శుద్ధి చేయించే బాధ్యత తయారీదారులదే. కొత్తది కొనేటప్పుడు పాతది దుకాణంలో ఇచ్చేస్తే ధరలో కొంత తగ్గిస్తారు కూడా. డబ్బుకు డబ్బు, పుణ్యానికి పుణ్యం.

ఆ రైతు మరుసటి సంక్రాంతికి బ్యాటరీ ఊడదీసి, ఊళ్లోనే ఛార్జి పెట్టించి, ధాన్యం గది గూట్లో పెట్టాడట. రెండు వేసవులు దాటినా అదే పనిచేస్తోందని ఆయన కూతురు చెప్పింది. హాస్టలు గడువు మాట ఆ తరవాత మళ్లీ రాలేదు.

శివరాత్రికి శివశివా అంటూ చలి వెళ్లిపోతుందంటారు. వెళ్లేముందు మీ బ్యాటరీ నాడి ఒకసారి చూసి, తక్కువుంటే ఛార్జి పెట్టించండి. దాని తరవాత వచ్చేది ఎండ. అసలు జాగ్రత్త పడవలసింది ఆ చుట్టంతోనే.